తెల్లకొంగకు ప్లస్సా, మైనస్సా?

ఆదివారం తెల్లారకముందే కెమెరాలు భుజాన వేసుకుని కొల్లేటి గట్లకో, నేలపట్టు చెరువుకో, గోల్కొండ కోటకో బయలుదేరే జట్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. వాళ్లలో బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, మందుల షాపు నడిపేవాళ్లు ఉంటారు. ఫొటోలు తీయడం వాళ్లకు జీవనాధారం కాదు, ఇష్టం. ఆ ఇష్టంతో సంపాదించిన పరిజ్ఞానంలో చాలావరకు పక్కన నిలబడి తీస్తున్నవాళ్ల నోటినుంచి వచ్చిందే. "తెల్లపిట్టకు ప్లస్ వన్ పెట్టండి", "షట్టర్ మరీ తగ్గనీయకండి", "ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాను అప్పుడే బయటికి తీయకండి". ఫీజు లేకుండా, సర్టిఫికెట్ లేకుండా సాగే చదువు ఇది.

ఫొటోగ్రఫీ పుట్టుకలోనే ఈ పంచుకునే గుణం ఉంది. 1839 ఆగస్టు 19న ఫ్రాన్స్ ప్రభుత్వం డాగేర్ కనిపెట్టిన పద్ధతిని పారిస్‌లో అందరి ఎదుటా వివరింపజేసింది. రహస్యం బయటపెట్టినందుకు ఆయనకు పెన్షన్ ఇచ్చింది. ఏటా ఆ రోజునే ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

అయితే పంచుకునేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. చిట్కాతోపాటు దాని కారణం కూడా అందాలి. అంకె ఒక్కటే అందితే ఒకచోట గట్టెక్కించి ఇంకోచోట ముంచుతుంది. కారణం తెలిసినవాళ్లు ఆ అంకెను సందర్భాన్నిబట్టి తామే మార్చుకుంటారు.

మీటరు చేసే లెక్క

"తెల్లపిట్టకు ప్లస్" అన్న మాటనే తీసుకుందాం. కెమెరాలోని లైట్ మీటరు ఫ్రేములోకి వచ్చే వెలుతురును కొలుస్తుంది. దృశ్యం సగటున నడిమి బూడిదరంగులో, అంటే తన మీద పడిన వెలుతురులో దాదాపు 18 శాతాన్ని తిప్పి పంపే వస్తువులా ఉంటుందన్నది దాని లెక్క. ఫ్రేము నిండా తెల్లకొంగ ఉంటే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. కొంగ మాసిన గుడ్డలా వస్తుంది. అందుకే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌లో ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపయ్యేంత, పెంచమంటారు. పక్షి వెనక తెల్లటి ఆకాశం ఉన్నా ఇదే మందు.

ఇప్పుడు అదే కొంగ కొల్లేటి అటపాక దగ్గర ముదురు నీళ్లలో దూరంగా నిలబడి ఉందనుకోండి. ఫ్రేములో ముప్పాతిక భాగం చీకటి నీళ్లే. మీటరు ఆ నీళ్లను బూడిదరంగుకు తేవాలని వెలుతురు పెంచుతుంది. మనం చిట్కా గుర్తుపెట్టుకుని మరో ప్లస్ వేస్తే కొంగ ఒంటిమీద ఒక్క ఈక కూడా మిగలదు, తెల్లటి మచ్చ మిగులుతుంది. ఇక్కడ కావలసింది మైనస్. పక్షి అదే, ఎండ అదే, మారింది వెనకున్న రంగు. కాబట్టి పక్షి రంగు కన్నా ముందు ఫ్రేములో ఎక్కువ చోటు దేనిదో చూడాలి.

ఈ కారణం ఒంటబడితే రామప్ప గుడిలోనూ దారి దొరుకుతుంది. పాలంపేటలోని ఆ ఆలయంలో మదనికల శిల్పాలు నల్లరాతివి. ఫ్రేము నిండా శిల్పం ఉంటే మీటరు ఆ నలుపును బూడిదగా వెలిగిస్తుంది, రాతి నునుపులోని నిగనిగ పోతుంది. మూడింట రెండు వంతుల స్టాపో, ఒక స్టాపో తగ్గిస్తే నల్లరాయి నల్లరాయిగా నిలుస్తుంది. కొంగ కోసం నేర్చుకున్నది రాతికి పనికొచ్చింది.

ఎండ లెక్క, వెన్నెల లెక్క

మీటరుతో పనిలేని పాత సూత్రం ఒకటుంది. దాన్ని సన్నీ సిక్స్‌టీన్ అంటారు. నిండు ఎండలో అపర్చర్ ఎఫ్/16 పెట్టి, షట్టర్ స్పీడును ఐఎస్‌ఓ అంకెకు దగ్గరగా ఉంచాలి. ఐఎస్‌ఓ 100 అయితే షట్టర్ సెకనులో 1/100 లేదా 1/125. పల్చటి మబ్బుకు ఎఫ్/11, మబ్బు పట్టినప్పుడు ఎఫ్/8, బాగా కమ్ముకుంటే ఎఫ్/5.6. ఈ అంకెల వరుసలో ఒక్కో మెట్టు దిగినకొద్దీ లెన్స్‌లోంచి వచ్చే వెలుతురు రెట్టింపవుతుంది.

ఈ సూత్రం నమ్మదగింది ఎందుకంటే మీటరు వస్తువు నుంచి తిరిగొచ్చిన వెలుతురును కొలిస్తే, ఇది వస్తువు మీద పడే ఎండను లెక్కలోకి తీసుకుంటుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ ఆదోనిలోనైనా అమలాపురంలోనైనా ఇంచుమించు ఒక్కటే. అందులో నిలబడ్డ కొంగ తెల్లగానే, కాకి నల్లగానే వస్తాయి.

చంద్రుడి ఫొటో సంగతీ ఇంతే. చాలామందికి జాబిల్లి తెల్లటి బిళ్లలా వస్తుంది. చుట్టూ ఉన్న నల్లటి ఆకాశాన్ని చూసి మీటరు ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. మనకు రాత్రయినా నిండు చందమామ మీద పడుతున్నది ఎండే. అక్కడి నేల ముదురు రంగుది గనుక సన్నీ సిక్స్‌టీన్‌కు ఒక స్టాప్ కలిపి ఎఫ్/11 వాడతారు. ఐఎస్‌ఓ 100లో 1/100 పెట్టి చూడండి, మచ్చలు విడివిడిగా కనబడతాయి.

చేతి వణుకు, నాట్యం కదలిక

చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ స్పీడు లెన్స్ ఫోకల్ లెంగ్త్‌కు తగ్గకూడదంటారు. 200 ఎంఎం లెన్స్‌కు 1/200. సెన్సర్ చిన్నదైన ఏపీఎస్‌సీ కెమెరాల్లో దృశ్యం ఒకటిన్నర రెట్లు దగ్గరగా కనిపిస్తుంది, వణుకూ అంతే పెరుగుతుంది. కాబట్టి 1/300 దాటితే మంచిది. వణుకును అదుపుచేసే స్టెబిలైజేషన్ వచ్చాక ఇంతకన్నా చాలా తక్కువ స్పీడులోనూ బొమ్మ నిలుస్తోంది.

కానీ ఈ సూత్రం కాపాడేది మన చేతి వణుకునుంచి మాత్రమే. వేదికమీద కూచిపూడి కళాకారిణి జతులకు అడుగులు వేస్తున్నప్పుడు లెన్స్ ఏదైనా 1/500 చుట్టుపక్కల ఉంటేనే ముద్ర చెదరదు. అదే కళాకారిణి అభినయంలో ఒక్క చూపు మీద నిలిచినప్పుడు 1/125 చాలు. స్టెబిలైజేషన్ ఎంత గొప్పదైనా ఆమె పాదాన్ని ఆపలేదు. సభలో వెలుతురు చాలదని షట్టర్ తగ్గించే బదులు ఐఎస్‌ఓను 3200కు, అవసరమైతే ఇంకా పైకి తీసుకెళ్లడమే మేలు. నాయిస్‌ను తర్వాత తగ్గించుకోవచ్చు, చెదిరిపోయిన ముఖాన్ని తిరిగి తేవడం కష్టం.

ఫిల్మ్ నాటి మాట తిరగబడింది

కాలం మారితే కారణం మారుతుంది, దానితో చిట్కా కూడా మారాలి. నెగెటివ్ ఫిల్మ్ వాడిన పెద్దవాళ్లు "నీడలకు సరిపడా ఎక్స్‌పోజర్ ఇవ్వు" అనేవారు. అది నిజమే. నెగెటివ్‌లో నీడ చోట ఏమీ నమోదు కాకపోతే ప్రింటులో తెప్పించలేం. వెలుగు ఎక్కువైతే మాత్రం ఫిల్మ్ చాలావరకు తట్టుకునేది. డిజిటల్ సెన్సర్ స్వభావం వేరు. పిక్సెల్ ఒకసారి నిండిపోతే ఆ పైన వచ్చిన వెలుతురుకు గుర్తు ఉండదు. అందుకే ఇప్పుడు ముందు కాపాడుకోవలసింది వెలుగున్న చోటును. పెళ్లికూతురి తెల్ల మధుపర్కాల మడతలు, మబ్బు అంచులు, దీపం చుట్టూ ఉండే కాంతి అలాంటివి.

2003లో మైకేల్ రైక్‌మన్ అనే ఫొటోగ్రాఫర్, ఫొటోషాప్ సృష్టికర్తల్లో ఒకరైన థామస్ నోల్‌తో జరిగిన సంభాషణ ఆధారంగా దీనికి ఇంకో మెట్టు చేర్చారు. వెలుగు తెగిపోనంత వరకు హిస్టోగ్రామ్‌ను, అంటే ఫొటోలోని వెలుగునీడల పంపకాన్ని చూపే గ్రాఫును, కుడివైపుకు జరపమన్నారు. సెన్సర్ వెలుతురును ఉన్నదున్నట్టు లెక్కపెడుతుంది. 14 బిట్ రా ఫైల్లో 16,384 స్థాయులుంటే అందులో సగం, అంటే 8,192, అన్నిటికన్నా వెలుగైన ఒక్క స్టాప్‌కే పోతాయి. ఎక్కువ వెలుతురు అందిన ఫైల్లో నీడలు శుభ్రంగా ఉంటాయి. ఇప్పటి సెన్సర్లలో నాయిస్ తగ్గింది కాబట్టి అప్పటంత తేడా కనబడదు. జేపెగ్‌లో 256 స్థాయులే గనుక అక్కడ దీన్ని వాడకపోవడమే మంచిది.

చెమ్మ ఊరు, దుమ్ము ఊరు

కాకినాడ, విశాఖ, బందరు వైపు లెన్స్‌కు పెద్ద శత్రువు ఫంగస్. చెమ్మ, చీకటి, కదలని గాలి దొరికితే అద్దం మీద బూజు పాకుతుంది. తోలు కేసులో పెట్టి బీరువాలో దాచడం దానికి చోటిచ్చినట్టే. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోవాలి. జెల్ రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. తరచూ బయటికి తీసి వాడటం కూడా రక్షణే. ఏసీ గదిలో చల్లబడిన లెన్స్‌ను ఉక్కపోతలోకి తెస్తే అద్దం మీద నీటి పొర కమ్ముతుంది. బ్యాగు మూసే ఉంచి అరగంట ఆగితే అద్దం మెల్లగా వేడెక్కుతుంది.

అనంతపురం వెళ్తే ఈ జాగ్రత్తల క్రమం మారుతుంది. అక్కడ దుమ్ముదే మొదటి స్థానం. లెన్స్ మార్చేటప్పుడు కెమెరా ఆపేసి, నోటిని కిందికి తిప్పి, గాలికి వీపు పెట్టి త్వరగా ముగించాలి.

చెప్పే పద్ధతి

చెప్పకూడనిది కూడా ఒకటుంది. పక్షి గూడు ఎక్కడుందో నలుగురికీ చాటకూడదన్నది పక్షి ప్రేమికులు పాటించే నియమం. గూటి చుట్టూ జనం మూగితే తల్లిపక్షి లేచిపోతుంది, గుడ్లు ఎండకో కాకులకో బలవుతాయి. ఫొటో కన్నా పక్షి ముఖ్యమని కొత్తవాళ్లకు మొదటిరోజే చెప్పాలి.

మిగతాదంతా ధారాళంగా చెప్పండి. చెప్పేటప్పుడు అంకెతో ఆగకుండా అది ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో కూడా చెప్పండి. ఈసారి పక్కనున్న కుర్రాడు "సార్, కొంగకు ఎంత పెట్టాలి?" అని అడిగితే జవాబుకు ముందు అతనికి వెనకున్న నీళ్లను చూపించండి. ప్లస్ ఒకటి, సున్నా, మైనస్ ఒకటి పెట్టి మూడు ఫొటోలు తీయించి, ఈకలు ఎందులో నిలిచాయో అతనినే చెప్పమనండి. అలా నేర్చుకున్నవాడు పదివేల పాత కెమెరాతోనైనా మంచి ఫొటో తీస్తాడు, తర్వాత వచ్చేవాళ్లకు మనకన్నా బాగా నేర్పుతాడు.