పాటతో పాటు పేరు

మదరాసు దూరదర్శన్ కేంద్రము 1975 ఆగస్టు 15వ తేదీన ప్రారంభమైనది. హైదరాబాదు కేంద్రము 1977 అక్టోబరు 23వ తేదీన. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1974 ఫిబ్రవరి 11వ తేదీననే కన్నుమూసిరి. ఈ మూడు తేదీలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడెల్ల నా మనస్సు చివుక్కుమనును. ఏ గొంతు వినబడక తెలుగుదేశమున పెండ్లిపందిరి గాని చవితిపందిరి గాని నిండుగా నుండదో, ఆ గొంతుగల మనుష్యుని ఒక్క సాయంకాలమైనను ఎదుట కూర్చుండబెట్టి, హార్మోనియము ముందుంచి, ఆయన పాడుచుండగా చిత్రించి దాచుకొను భాగ్యము తెలుగు టెలివిజనుకు కలుగలేదు. ఆయన పుట్టినది మా గుడివాడ ప్రక్కనున్న చౌటపల్లిలో, 1922 డిసెంబరు 4న. ఆయన పాటలను తెరమీద మరల మరల చూచుచు పెరిగిన మాకు, ఆయన పాడునప్పుడు నొసలు ముడుచునో, కన్నులు మూసికొనునో తెలియకపోవుట చిన్న కొరత కాదు.

మన డెల్టాకు టెలివిజను ఆలస్యముగా వచ్చినది. హైదరాబాదు కేంద్రము తెరచిన నెల తిరుగకముందే, నవంబరు 19న, దివిసీమను ఉప్పెన ముంచి వేలకొలది ప్రాణములను పొట్టనబెట్టుకొన్నది. ఆనాటికి మాకు పాటయైనను వార్తయైనను 1948లో వెలసిన విజయవాడ రేడియో కేంద్రమునుండియో, వివిధభారతినుండియో, సిలోనునుండియో రావలసినదే. 1983లో ఇన్సాట్-1బి ఆకాశమున నిలిచిన పిదప పట్టణములలో చిన్న ప్రసార కేంద్రములు లేచినవి గాని, వానిలో ముందుగా ఢిల్లీ కార్యక్రమములే వచ్చెడివి. హిందీ చిత్రహార్‌ను చూచి, పదములు తెలియకున్నను పాటకు తలయూపెడివారము. తెలుగు ప్రసారము మా ఊళ్ళదాకా వచ్చిన తరువాతనే శుక్రవారపు సాయంకాలములకు చిత్రలహరి అను పేరుతో ఒక క్రొత్త ప్రాణము వచ్చినది. డాబా మీద ఇనుపగొట్టమునకు కట్టిన ఆంటెన్నాను ఒకడు త్రిప్పుచుండగా, క్రిందనున్నవారు "వచ్చింది, వచ్చింది... అయ్యో, పోయిందిరా" అని కేకలు వేయుచుండగా, చుక్కల నడుమనుండి తెలుగు పాట బయటికి వచ్చెడిది. క్రొత్త సినిమాపాట వచ్చినప్పుడు పిల్లలును, పాతది వచ్చినప్పుడు పెద్దలును ముందుకు జరిగెడివారు. సినిమాహాలులో ఒకమారు చూచి మరచిపోయిన పాట, దాని కథనుండి విడివడి, ఇంటి నడిమింటిలోనికి వచ్చి కూర్చుండుట ఆ తరమువారికి అదియే మొదలు.

అట్లు విడివడుటలోనే ఒక నష్టము కలదు; ఆ సంగతి చెప్పుటకే ఈ వారము కలము పట్టితిని. సినిమాలో కవి పేరు, సంగీతదర్శకుని పేరు, గాయకుల పేర్లు చిత్రారంభమున వచ్చు టైటిళ్ళలో ఉండును. పాట మాత్రము గంట తరువాతనో, రెండు గంటల తరువాతనో వచ్చును. ఆ పాటను కత్తిరించి వేరుగా చూపినప్పుడు పేర్లన్నియు వెనుక సినిమాలోనే నిలిచిపోవును. పాట అనామకమై, తెరమీద పెదవులు కదలించు నటునిదై పోవును. ఒక పెద్దావిడ నాతో "నాగేశ్వర్రావు పాడినంత బాగా ఇప్పుడెవరు పాడుతున్నారు బాబూ" అన్నది. ఆమె మాటలో అజ్ఞానము లేదు. ఆమె కంటికి చూపినది ఆమె నమ్మినది.

కేబుల్ టీవీ వచ్చిన తరువాత, మా వీధులకు తీగ లాగిన ఆపరేటరు సొంతముగా ఒక చిన్న ఛానెలు నడుపుచు, ఆదివారము రాత్రులయందు పాత పాటలు ఏర్చి కూర్చు పనిని నాకు అప్పగించెను. ఆ పనిని నేను ప్రీతితో చేసితిని. చూచువారికి అది సులభముగా దోచును గాని, పాటను ఎక్కడ ఎత్తుకొనవలెను, ఎక్కడ దించవలెను అనునది శ్రద్ధతో నేర్వదగిన విద్య. వాద్యగోష్ఠి మొదలగు చోటనే ఎత్తుకొన్నచో ఎవరు ఎవరితో ఏల పాడుచున్నారో తెలియదు. అందుచేత పాటకు ముందున్న ఒక్క సంభాషణనైనను ఉంచవలెను. చివర స్వరము ఆగిన వెంటనే తెంపినచో విన్నవానికి ఊపిరి అందదు. పాత్ర తల త్రిప్పి నడచిపోవువరకు, లేదా ఎదుటి పాత్ర కన్నెత్తి చూచువరకు ఉండనీయవలెను. ఇక పేర్ల కొరకు నేను పడిన శ్రమ వేరు. టైటిళ్ళలో గాయకులందరి పేర్లును ఒక్క చోట గుంపుగా ఉండును గాని ఏ పాట ఎవరిదో ఉండదు. కవులు ఇద్దరు ముగ్గురున్నచో వారి సంగతియు అంతే. అప్పుడు గ్రామఫోను రికార్డు నడుమనున్న కాగితపు బిళ్ళను చూడవలెను, సినిమాహాలు గేటువద్ద అమ్మిన పాటల పుస్తకమును వెదకవలెను, అవి రెండును దొరకనినాడు చెవినే నమ్ముకొనవలెను. తేలిన పేర్లను నల్లని అట్టమీద తెల్లరంగుతో వ్రాసి, పాటకు ముందు కెమెరా ఎదుట నిలిపెడివాడను: రచన, సంగీతము, గానము, అభినయము. ఈ నాలుగు పంక్తులు లేక ఒక్క పాటను కూడ పోనీయరాదని నియమము పెట్టుకొంటిని.

ఆ నియమమువలన నాకు తెలిసినదేమన, మన కృష్ణాతీరమునకు సినిమాపాటతో ఉన్నది ఇరుగుపొరుగు చుట్టరికమని. 1951లో వచ్చిన పాతాళభైరవిని తీసికొనుడు. తెరమీద తోటరాముడు నందమూరి తారకరామారావు, నిమ్మకూరువారు. ఆయనకు గొంతునిచ్చి ఆ చిత్రమునకు సంగీతము కూర్చినది ఘంటసాల, చౌటపల్లివారు. పాట వ్రాసినది పింగళి నాగేంద్రరావు, బందరులో పెరిగి అక్కడి ఆంధ్ర జాతీయ కళాశాలలో చదివినవారు. పెదవి, గొంతు, మాట మూడును ఒక పూట బస్సు ప్రయాణములో చుట్టిరాదగిన ఊళ్ళనుండి వచ్చి మదరాసులో కలిసికొన్నవి. 1953నాటి దేవదాసులోను అంతే. రామాపురమున పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు పెదవులమీద చౌటపల్లి గొంతు పలికినది, ఏటికి ఆవలి పెదపులివర్రు సముద్రాల రాఘవాచార్యులవారి మాట పలికినది. పై పెద్దావిడ పొరబడెననినను పొరుగూరు దాటి పోలేదు.

వీనికన్న నా హృదయమునకు దగ్గరైనది నర్తనశాల. 1963నాటి ఆ చిత్రమున బృహన్నల ఉత్తరకు నాట్యము నేర్పు పాటను ఇప్పటికిని ఛానెళ్ళు వేయుచునే యున్నవి. దానికి స్వరము కట్టినది సుసర్ల దక్షిణామూర్తి. దివితాలూకా పెదకళ్ళేపల్లిలో 1921లో పుట్టినవారు. అదే పేరు గల తాతగారు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, త్యాగరాజస్వామి శిష్యుడైన మానంబుచావడి వేంకటసుబ్బయ్యవద్ద నేర్చిన మహావిద్వాంసులు. ఆ శాస్త్రిగారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. పంతులుగారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. ఆ పాటను పురుషస్వరమున పాడినది ఆ బాలమురళియే. తాత ఒకరికి నేర్పెను, ఆ ఒకరు మరియొకరికి నేర్పిరి, ఆ మూడవవారిచేత మనుమడు పాడించెను. త్యాగరాజునుండి పెదకళ్ళేపల్లి మీదుగా వచ్చిన పరంపర యొక్క రెండు కొసలు రికార్డింగు థియేటరులో కలిసికొన్నవి. తెరమీద మాత్రము రామారావుగారిని, ఎల్. విజయలక్ష్మిని చూచుచున్నాము, చూడవలసినదే, వారి అభినయము అంత అందముగా నున్నది. కాని క్రింద నాలుగు పేర్లు వేయనిచో ఈ పరంపర యంతయు ఎవరికి తెలియును? సంతానం చిత్రమున లతా మంగేష్కర్‌చేత 1955లోనే తెలుగు పాడించినది ఈ సుసర్లవారే యని అట్టమీద వ్రాసిననాడు మరునాడు వీధిలో నన్ను నిలిపి నిజమా యని అడిగినవారున్నారు. అదే పెదకళ్ళేపల్లిలో 1936లో పుట్టిన వేటూరి సుందరరామమూర్తిగారి సంగతి వేరే ఒక వారము వ్రాయుటకు తగినంత యున్నది, ఇక్కడ ముట్టను.

ఇంగ్లాండున బి.బి.సి. వారు 1964 జనవరి 1న మొదలుపెట్టి 2006 వరకు నడిపిన టాప్ ఆఫ్ ది పాప్స్ అను కార్యక్రమమున ఆయా వారములలో ప్రజలు మెచ్చిన పాటలను గాయకులే వచ్చి చూపెడివారు. ఆనాడు వీడియో టేపు మిక్కిలి ఖరీదైనది. అందుచేత ఒకమారు ప్రసారమైన దానిని చెరిపి అదే టేపుమీద వేరొకటి చిత్రించెడివారు. ఆ మొదటి సంవత్సరముల భాగములు చాలవరకు శాశ్వతముగా పోయినవి, అందులో బీటిల్స్ వచ్చినవియు కలవు. మిగిలినవానిని ఏరి 1994నుండి మరల చూపుటకు వేరొక కార్యక్రమమును పెట్టిరి. అందులో నాకు నచ్చిన పద్ధతి యొకటి: పాట నడుచుచుండగానే తెర అడుగున ఆ గాయకుని గూర్చి, ఆ పాటను గూర్చి చిన్న అక్షరములలో రెండు మూడు వాక్యములు వచ్చును, పాట ఆగదు, ఎరుక కలుగును. వారికి గాయకుని ముఖము చిత్రితమై యుండియు టేపు పోయినది. మనకు సినిమా ప్రింటు పుణ్యమున పాట మిగిలి, గాయకుని ముఖము చిత్రితము కాక పోయినది. పూర్తిగా పోయినదియు మనకున్నది. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ భక్తప్రహ్లాద ప్రింటు నేడు లేదు, అందులోని పాటలను చూడగల ఉపాయము లేదు.

ముఖము దక్కిన సందర్భము మాత్రము లేకపోలేదు. 1960లో వచ్చిన శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం చిత్రమున, స్వామి సన్నిధిని, ఘంటసాలగారు తామే కనబడి పాడిరి. ఎవరి పెదవులకును గొంతు అరువీయక, తమ పెదవులతోనే. ఆ దృశ్యమును మా ఛానెలులో వేసిననాడు పేర్ల అట్టమీద గానము, అభినయము అను రెండు పంక్తులయందును ఒకే పేరు వ్రాసితిని. అట్లు వ్రాయగల్గిన పాటలు మన పాత సినిమాలలో ఎంత తక్కువ!

ఈ లోపమును మాటతో పూడ్చినవారు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు. 1996లో ఈటీవీలో మొదలైన పాడుతా తీయగాను అందరును పిల్లల పోటీగా చూచిరి. నేను దానిని పాత పాటల పాఠశాలగా చూచితిని. ఒక పిల్లవాడు పాడిన వెంటనే, ఆ పాట వ్రాసినదెవరు, కట్టినదెవరు, ఏ చోట ఊపిరి తీసికొనకుండ ఆ గాయకుడు ఎట్లు దాటెను అని ఆయన చెప్పెడివారు. ఆ మాటలు లేనిచో ఆ కార్యక్రమమున సగము ప్రాణము లేదు. 2010లో మాయాబజారుకు రంగులద్ది విడుదల చేసినప్పుడు జనము థియేటర్లకు వచ్చిరి, సంతోషించితిని, కాని రంగుకన్న ముందు పాటపాటకు పేరు అద్దవలసి యుండెనని నా తలంపు నేటికిని మారలేదు.

ఇప్పుడు యూట్యూబులో ఏ పాటనైనను ఎవరైనను పెట్టవచ్చును. పేర్లు తప్పుగా పెట్టుటయు సులభమే. పాటలు కొరతలేకుండ దొరకుచున్న ఈ దినములలోనే పేర్లు మరింత వేగముగా రాలిపోవుచున్నవి. అందుచేత ఛానెళ్ళవారిని నేను కోరునది చిన్న కోరిక: పాట మొదట పది సెకండ్లు, ఆ నాలుగు పంక్తులు. ప్రకటనలకు తెర అడుగున చోటు దొరకుచున్నది; సుసర్లవారికి దొరకదా?

బందరు, గుడివాడ, అవనిగడ్డ పాఠకులకు మరియొక మనవి. మీ అటకలమీద, బీరువాల అడుగున, మన ఊళ్ళ కళావేదికలమీద జరిగిన పాటకచేరీల క్యాసెట్లు, పెండ్లిళ్ళలో పాడినవారి వీడియోలు ఉండియుండును. మన సముద్రపుగాలి వానికి శత్రువు. టేపుమీది అయస్కాంతచూర్ణమును పట్టియుంచు జిగురు తేమను పీల్చి మెత్తబడును, పైన బూజు పట్టును, అట్టి టేపును యంత్రములో పెట్టి ఒక్కమారు త్రిప్పినను పొరలు ఊడివచ్చును. పనిచేయునో లేదో చూతమని ఇంట త్రిప్పవద్దు. తెలిసినవారి చేతికిచ్చి డిజిటల్ ప్రతి చేయింపుడు. అంతకన్న ముందు, ఈ ఆదివారమే, ఆ పెట్టెమీద తేదీ, ఊరు, పాడినవారి పేరు, తబలా వాయించినవారి పేరు, హార్మోనియము పట్టినవారి పేరు వ్రాసి అంటింపుడు. ఆ పేర్లు తెలిసిన పెద్దలు మీ ఇంట ఇంకను ఉన్నారు, వారిని కూర్చుండబెట్టుకొని అడుగుడు.