పచ్చబొట్టు పొడిచిన చేయి

పల్నాడులో డెబ్బై దాటిన ఆడవాళ్ల ముంజేతులు చూడండి. మాచర్ల, వెల్దుర్తి వైపు తండాల్లోనే కాదు, గురజాల, నరసరావుపేట చుట్టుపక్కల రైతుల ఇళ్లలోనూ తేలో, ముగ్గు చుక్కలో, పెనిమిటి పేరో కనిపిస్తుంది. పోయినప్పుడు నగలన్నీ ఒలుచుకుంటారు, పచ్చబొట్టు ఒక్కటే కాటిదాకా వస్తుందని వాళ్ల నమ్మకం. లంబాడీ ఆడవాళ్ల ముఖం మీది చుక్కలు అందానికే కాదు, ఫలానా వాళ్ల ఆడబిడ్డ అని చెప్పుకోవడానికి కూడా.

పొడిపించుకున్నవాళ్ల గురించి చాలామంది రాశారు. పొడిచినవాళ్లను పట్టించుకున్నది తక్కువ. మన ఊళ్లలో ఆ పని ఎక్కువగా ఎరుకల ఆడవాళ్లది. గంపలు అమ్ముతూ, సోది చెబుతూ ఊరూరా తిరిగే ఆ చేతుల్లో ఎంత విద్య ఉందో తెలియాలంటే రంగుకు వాడే మసి దగ్గర మొదలుపెట్టాలి.

మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు వేశాడు. మనుషుల తలలూ ముక్కులూ కొలిచి జాతులు తేల్చాలనుకున్న అతని పద్ధతిని నేను మెచ్చను. కానీ మద్రాసులో పచ్చబొట్ల రంగు ఎలా చేస్తారో మాత్రం శ్రద్ధగా రాసిపెట్టాడు. పసుపు, అవిసాకు కలిపి నూరుతారు. ఆ ముద్దను పలచని గుడ్డ మీద పరిచి ఒత్తిలా చుట్టి, ఆముదం దీపంలో వెలిగిస్తారు. పైన కొత్త కుండ బోర్లిస్తారు. కుండ లోపల పట్టిన మసిని గీరి, చనుబాలతోనో నీళ్లతోనో కలుపుతారు. పాత కుండ జిడ్డు మసికి అంటకూడదనే కొత్త కుండ కాబోలు.

ఇక సూదులు. నాలుగైదు మామూలు కుట్టుసూదులను దారంతో కట్టగా కడతారు. ముందు పుల్లతో బొమ్మ గీసి, ఎడమచేత్తో చర్మాన్ని బిగలాగి, గీత వెంట పొడుచుకుంటూ పోతారు. కబుర్లతో, పాటలతో నొప్పి మరిపిస్తారు. అయ్యాక కడిగి పసుపు రాస్తారు. కష్టమంతా లోతులో ఉంది. పైపొరలో ఆగితే నెల తిరిగేసరికి చర్మంతోపాటు రంగూ రాలిపోతుంది. మరీ లోతుకు దిగితే గీత చెదిరి మరకవుతుంది. రెండిటి నడుమ మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటరు లోతులో ఆగాలి. అక్కడ మసిని మన రక్షణ కణాలు మింగి పెట్టుకుంటాయి. అవి చనిపోయాక కొత్త కణాలు అదే రంగును అందుకుంటాయని 2018లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు ఎలుకల మీద చూపించారు. కొలబద్ద లేకుండా ఎరుకల అవ్వ వేలికొసతో పట్టుకున్న లోతు అదే.

ఇంత తెలిసిన ఆడవాళ్లను ప్రభుత్వం చూసిన చూపు వేరు. 1911 నేరస్థ తెగల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించాక ఎరుకల కుటుంబాలు ఎన్నో పోలీసు జాబితాలకెక్కాయి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో హాజరు వేయించుకోవాల్సి వచ్చేది, బయటికి పోవాలంటే చీటీ కావాల్సి వచ్చేది. ఊరూరా తిరిగితేనే బతికే విద్యకు అది ఉరితాడు. చట్టం 1952 నాటికి దేశమంతటా పోయింది గానీ ఆ ముద్ర జనం నోట్లో ఇంకా ఉంది.

ఇప్పుడు తిరునాళ్లలో కరెంటు మిషనుదే రాజ్యం. దానికి అమెరికాలో 1891లో పేటెంటు వచ్చింది. పాత పద్ధతే తిరిగి రావాలని నేననను. ఒకే సూది పదిమందికి వాడితే హెపటైటిస్-బి, హెచ్ఐవి అంటుకుంటాయి, మిషనైనా సరే. సూది కొత్తదై ఉండాలి.

తండాల్లోనూ ఎరుకలవాడల్లోనూ ఈ విద్య తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. మన కాలేజీల తెలుగు, చరిత్ర విద్యార్థులు వాళ్ల దగ్గర కూర్చుని, ఏ ఆకు నూరారు, ఏ బొమ్మ ఎవరికి పొడిచారు, ఎవరి దగ్గర నేర్చారు, పొడిచేటప్పుడు ఏం పాడారు అని అడిగి రాసుకోవాలి. చేతి ఫొటోతోపాటు, ఒప్పుకుంటే, పొడిచినామె పేరూ వేయాలి. థర్‌స్టన్ వదిలేసింది ఆ పేరే.