అంగడి సరుకుతో ఇంద్రజాలం

పుత్తూరు అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఎముకల కట్టు. వెదురు బద్దలు, ఆకుపసరు, కోడిగుడ్డు సొన, గుడ్డ పీలికలు. ఖరీదైన సరుకు ఒక్కటీ లేదు, విలువంతా కట్టే చేతిదే. అదే ఊరి బజారులో, అంతే చౌక సరుకుతో చేసుకోదగిన మరో పనితనం గురించి రాయాలని చాలాకాలంగా ఉంది. మ్యాజిక్ సామాను తయారీ. సైకిల్ అంగడిలో పంక్చర్ సొల్యూషన్ ట్యూబు, ఫ్యాన్సీ స్టోర్‌లో టాల్కం పౌడరు, పుస్తకాల అంగడిలో డ్రాయింగ్ పుస్తకం, ఒక కొత్త బ్లేడు, ఇనుప స్కేలు కొంటే చాలు. పాత పేపర్లు ఇంట్లో ఎలాగూ ఉంటాయి.

వీటితో చేసేవాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది డ్రాయింగ్ పుస్తకం. పిల్లల ముందు దాన్ని ఒకసారి గబగబా తిప్పి చూపిస్తారు, అన్నీ తెల్ల కాగితాలే. ఒక పిల్లవాణ్ణి పిలిచి అట్ట మీద ఉఫ్‌మని ఊదమంటారు. మళ్లీ తిప్పితే నిండా బొమ్మలు! ఈ ఊదుడు పుస్తకం వివరం 1584లో ఇంగ్లండులో రెజినాల్డ్ స్కాట్ అచ్చువేసిన ‘ది డిస్కవరీ ఆఫ్ విచ్‌క్రాఫ్ట్’లోనే ఉంది. మంత్రగత్తెలన్న నెపంతో మనుషుల్ని చంపుతున్న రోజులవి. చేతి ఒడుపుతో జరిగేదాన్ని దెయ్యాల పని అనుకోవద్దని చెప్పడానికే ఆయన గారడీ కిటుకుల్ని బయటపెట్టాడు. నాలుగు వందల ఏళ్లు దాటినా అదే కిటుకు ఇంకా పనిచేస్తోంది.

ఆ కిటుకు పుస్తకం అంచులో ఉంది. మొదటి ఆకును అలాగే ఉంచి, రెండోదాన్ని అంచున సన్నగా, ఒకటి రెండు మిల్లీమీటర్లు కోస్తారు. మూడోది వదిలేసి నాలుగోది కోస్తారు. చివరిదాకా ఇంతే. ఇప్పుడు ముందునుంచి బొటనవేలితో ఆకులు వదులుతూ పోతే వేలికి తగిలేది పొడుగు ఆకే. దాని వెనకున్న పొట్టి ఆకుకు పట్టు లేదు కనుక అదీ వెంటే పడిపోతుంది. కాబట్టి చూసేవాళ్ల కంటికి ఎప్పుడూ పొట్టి ఆకు వెనకవైపు, ఆ పక్కనే పొడుగు ఆకు ముందువైపు మాత్రమే ఆనతాయి. బొమ్మలన్నీ ఆ పుటల్లోనే వేస్తారు. పుస్తకం చివరినుంచి తిప్పితే జత మారి, పొడుగు ఆకు వెనకవైపు, పొట్టి ఆకు ముందువైపు కనిపిస్తాయి. అవి ఖాళీ.

చదివితే ఇంతే అనిపిస్తుంది, చేయబోతే తెలుస్తుంది. కోత కాస్త ఎక్కువైతే పుస్తకం మూసినప్పుడు అంచున మెట్లు పడతాయి. తక్కువైతే వేలు రెండు ఆకుల్నీ విడివిడిగా వదులుతుంది, గుట్టు రట్టవుతుంది. మొద్దు బ్లేడు కాగితాన్ని పీకుతుంది, ఆ చిరుగు అంచు పక్క ఆకును పట్టుకుంటుంది. స్కెచ్ పెన్ను వాడితే రంగు అవతలి వైపుకు ఊరి, ఖాళీగా ఉండాల్సిన పుట మీద మరకై కూర్చుంటుంది. అందుకే మందపాటి కాగితం, క్రేయాన్లు. ఇంత జాగ్రత్త పడ్డాక అట్ట జోలికి మాత్రం పోకూడదు. కంపెనీ బొమ్మ, పేరు, తరగతి రాసుకునే గడులు అన్నీ అలాగే ఉండాలి. పిల్లల సంచీలో రోజూ ఉండే పుస్తకం అది, దాన్ని ఎవరు అనుమానిస్తారు? మెరిసే రంగుల పెట్టె బల్ల మీద పెడితే చూసేవాళ్లు ముందు పెట్టెనే శంకిస్తారు. చౌక సరుకులోని అసలు బలం ఇక్కడే ఉందని నా నమ్మకం.

పేపరు ముక్క కథ ఇంకో రకం. సన్నగా, పొడవుగా కత్తిరించిన పేపరుకు ఒకవైపు నడిమి భాగంలో పంక్చర్ సొల్యూషన్ పల్చగా రాసి, ఆరాక ఇంకో పూత వేస్తారు. అదీ ఆరాక దాని మీద పౌడరు అద్దుతారు. పౌడరు ఉన్నంతసేపూ ఆ ముఖాలు మడిచినా అంటుకోవు. పూత లోపలికి వచ్చేలా మడిచి, మడత దగ్గర కత్తెరతో కోస్తే ఆ ఒత్తిడికి కోసిన అంచుల దగ్గర మాత్రం జిగురు జిగురును పట్టుకుంటుంది. విప్పితే పేపరు ఒక్కటే ముక్క! ఏటవాలుగా కోస్తే మూల తిరిగి వంకరగా విచ్చుకుంటుంది, చూసేవాళ్లు నవ్వుతారు. ఇందులో నేర్పంతా పేపరును ఎంచుకోవడంలో ఉంది. పెద్ద ఫొటో ఉన్న పుట పనికిరాదు, అతుకు గీత కనిపిస్తుంది. చిన్న అక్షరాల ప్రకటనల పుట తీసుకుంటే ఆ గీత అక్షరాల మధ్య కలిసిపోతుంది. సొల్యూషన్ వాసన పోవాలంటే పని ముందు రోజే ముగించాలి. గదిలో గాలి ఆడాలి, దగ్గర్లో దీపం, పొయ్యి ఉండకూడదు.

ఇంద్రజాలికుడు పి.సి. సర్కార్ ‘వాటర్ ఆఫ్ ఇండియా’ అని పిలిచి ప్రపంచమంతా చూపించిన నీళ్ల పాత్ర ఇలా ఇంట్లో కుదిరేది కాదు. లోపల రహస్యపు అర, పైన వేలితో మూసే చిన్న రంధ్రం. రంధ్రం మూస్తే గాలి చొరబడదు, నీళ్లు దిగవు. వేలు తీస్తే వంచి ఖాళీ చేసిన పాత్ర మళ్లీ నిండుతుంది. దానికి పాత్రలు చేసే కార్మికుడి చేయి కావాలి.

మందారపువ్వుకు ఆ ఖర్చు కూడా లేదు. రేకుల్ని చాకు మీద రుద్ది ఆరనిచ్చి, దాంతో నిమ్మకాయ కోస్తే పులుపు తగిలి ఆ రంగు ఎర్రబడుతుంది, రసం నెత్తురులా కారుతుంది. ఇది చూపించి జనాన్ని భయపెట్టి డబ్బు గుంజినవాళ్లున్నారు. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక ఇలాంటి మహిమల గుట్టునే బడుల్లో, ఊళ్లలో విప్పి చూపిస్తూ వచ్చింది. స్కాట్ పుస్తకం రాసింది ఎందుకో వీళ్లు వేదికలెక్కిందీ అందుకే. నిమ్మకాయ కోసి ఊరుకుంటే అది వట్టి గారడీ. కోశాక చాకును పిల్లల చేతికిచ్చి, పువ్వు తెచ్చి మీరే రుద్ది చూడమంటే పాఠం అవుతుంది.

బడి అయ్యవార్లకు నా విన్నపం ఒక్కటే. ఈ ఏడు సైన్స్ దినోత్సవానికి కొన్న సామాను తేకండి, డ్రాయింగ్ పుస్తకం తరగతిలోనే తయారుచేయించండి. బొమ్మలు పిల్లలు వేస్తారు. బ్లేడు మాత్రం మీ చేతిలోనే ఉండాలి.