పుట్టీ కింది రేకు

ముంబయిలోని కుర్లా కర్మాగారంలో 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా తయారీ మొదలై, 1974 నుంచి ప్రీమియర్ పద్మినిగా సాగి, 2000 ప్రాంతంలో ఆగిపోయిన కారును తెలుగునాట చాలామంది చివరిదాకా ఫియట్ అనే పిలిచారు. మధ్యతరగతి ఇళ్ల ముందు నిలిచిన బండి కావడం వల్ల, ముంబయి టాక్సీగా పడిన ముద్ర వల్ల కూడా, దీనికి సంస్థానాధీశుల కార్లకు దక్కే గౌరవం దక్కలేదు. బాగుచేయడానికి పెట్టిన డబ్బు అమ్మితే తిరిగి రావడం అరుదు. కాబట్టి ఈ పనికి పూనుకునేవారు తమ సంతోషం కోసమే పూనుకుంటారు, అలాంటప్పుడు పైమెరుగుల కోసం ముందుగా ఖర్చుపెట్టడంలో అర్థం లేదు.

పద్మినికి లారీకి ఉన్నట్లు విడిగా ఛాసిస్ ఉండదు. నేలరేకు, తలుపుల కింద పొడవునా సాగే బోలు అంచులు, పైకప్పును మోసే స్తంభాలు అన్నీ ఒకటిగా అతికి బరువు మోస్తాయి. ఈ నిర్మాణాన్నే మోనోకాక్ అంటారు. ఆ అంచుల్లో నీరు జారడానికి ఉంచిన రంధ్రాలు మట్టితో పూడిపోతే, వానకాలపు తడి లోపలే నిలిచి రేకును తినేస్తుంది, బయట రంగు మాత్రం చెక్కుచెదరదు. చాలా పాత బండ్లలో సరిగ్గా ఇక్కడే పుట్టీని, అంటే సొట్టలు పూడ్చే ముద్దను, మందంగా పట్టించి రంగు కొట్టి ఉంటారు. చిన్న అయస్కాంతాన్ని మెల్లగా జరుపుతూ పోతే పుట్టీ ఉన్నచోట దాని పట్టు సడలుతుంది. స్క్రూడ్రైవర్ పిడితో తడితే మంచి రేకు ఖంగుమంటుంది, పుట్టీ మొద్దుగా పలుకుతుంది.

టింకరింగ్ మేస్త్రీ పనితనం తెలిసేది అక్కడే. బండి అడుగున సమంగా ఆన్పులు పెట్టి, తలుపు ఖాళీకి అడ్డంగా తాత్కాలిక ఇనుప కడ్డీ అతికించిన తరువాతే కుళ్లిన అంచును కోయాలి, లేకుంటే బండి నడుము కుంగి తలుపులు మళ్లీ సరిగా పడవు. కొత్త రేకును ఏకబిగిన అతికిస్తే వేడికి మెలి తిరుగుతుంది కనుక, అనుభవజ్ఞుడు ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క వెల్డింగ్ పెట్టి, చల్లారనిచ్చి, మధ్యమధ్య తలుపు మూసి చూసుకుంటూ ఖాళీలు పూరిస్తాడు. ఈ విద్య తెలిసినవారి దగ్గర కూలి బేరమాడడం తప్పు.

1089 సీసీ ఇంజిన్ అంత చిక్కైనది కాదు. గాలిలో పెట్రోలును తగుపాళ్లలో కలిపే కార్బొరేటర్, ప్లగ్గులకు వంతులవారీగా విద్యుత్తు పంచే డిస్ట్రిబ్యూటర్ రెండూ విప్పి శుభ్రం చేసుకోగల భాగాలే. అయితే ఇప్పుడు బంకుల్లో పోసే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాతకాలపు రబ్బరును పాడుచేస్తుంది. వేడెక్కిన ఇంజిన్ పక్కన చిన్న లీకు కూడా మంటకు దారితీయగలదు కాబట్టి ఇంధన గొట్టాలన్నీ మార్చించి తీరాలి.

2021లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, మౌలిక రూపం మారని కారును వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు, కాని ఆ తరువాత దాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజువారీ తిరుగుళ్లకు వాడకూడదు. పిల్లాపాపలతో పొరుగూరి పెళ్లికి వెళ్లడానికి పుట్టిన బండిని అలా కట్టిపడేయడం దానికి అన్యాయం చేయడమే. ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గినంతకాలం అయిదేళ్లకోసారి మామూలు రిజిస్ట్రేషన్‌నే పొడిగించుకుంటూ నడుపుకోవడం మేలు. ఇంటి షెడ్డులో పద్మిని ఉన్నవారు ముందుగా ఆ పత్రాల గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకోవాలి.