దంచడం అంటే కొట్టడమేనా?

‘దంచు’ అనే మాటకు అర్థం రాయమంటే మన పిల్లలు ‘కొట్టు’ అని రాస్తున్నారు. వాళ్లది తప్పనలేం. వాన దంచికొట్టింది, ఎండ దంచేస్తోంది, హీరో డైలాగులు దంచాడు అని రోజూ వింటున్నారు. ఈ వాడుకల్లో దెబ్బ మిగిలింది, గింజ పోయింది.

రోటి దగ్గర ఈ మాటకు అర్థం వేరు. కారం దంచితే పొడి కావాలి. వడ్లో సామలో దంచితే మాత్రం పైపొట్టు ఊడాలి, గింజ విరగకూడదు. ఎక్కువ నూకైతే దంచడం చేతకాలేదన్నమాట. చోళ్లను తిరగలిలో విసరాలి, సామలను రోట్లో దంచాలి అనే తేడా మన అమ్మమ్మలకు ఎవరూ బడిలో చెప్పలేదు.

‘ఊకదంపుడు’ అనే ఎత్తిపొడుపూ ఈ పనిలోంచే వచ్చింది. కొంతసేపు దంచాక ఆపాలి, చాటలోకి ఎత్తి చెరగాలి, పొట్టు ఊడని గింజలనే మళ్లీ రోట్లో పోయాలి. ఎప్పుడు ఆపాలో తెలియనివాళ్లు ఊకనే దంచుతూ ఉంటారు.

ఇప్పుడు పట్నం దుకాణాల్లో ‘దంపుడు బియ్యం’ అమ్ముతున్నారు. వాటిలో చాలావరకు రోకలి తగలనివే. మిల్లులో పైపొట్టు తీసి, తవుడు పొర ఉంచినవి. మిల్లు వచ్చి ఆడవాళ్లకు ఆ చాకిరీ తప్పింది, మంచిదే. రోకలి మళ్లీ పట్టమని మేం అనడం లేదు. ఆ పనిలోని తెలివి మాటతోపాటు పోకూడదంటున్నాం.

మన గురించి బయటివాళ్లు రాసిన కథలు కొన్ని చూడండి. రోకలి చప్పుడు వినిపిస్తుంది, పాట వినిపిస్తుంది. అరచేతుల్లో కాసిన కాయలు కనిపించవు. వాళ్లను అనేముందు మన రాతలూ చెరుగుకోవాలి. అడవితల్లి, విల్లంబులు, డప్పు అని అవే మాటలు తిప్పితిప్పి రాస్తే మనదీ ఊకదంపుడే. ఏ గింజ కోసం రాస్తున్నామో రాసేవాళ్లకు తెలిసుండాలి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ‘దంచు’ పాఠం వచ్చిన రోజు ఒక చాట, గుప్పెడు సామలు తరగతికి తెప్పించండి. దంచడాన్ని, చెరగడాన్ని, పొట్టును, నూకను ఇంటి భాషలో ఏమంటారో అడిగి రాసుకురమ్మని పిల్లలకు చెప్పండి. కోయ, కువి, సవర, ఏ భాషైనా సరే. ఆ మాటలు తెలిసిన పెద్దవాళ్లు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. ఇప్పుడు అడగకపోతే తర్వాత అడగడానికి ఎవరూ ఉండరు.