సీటు లేని సైకిలు

కోల్‌కతా పోలీసులు 2013లో 174 రోడ్ల మీద సైకిళ్ళు తిరగకూడదన్నారు. పాలవాళ్ళు, పేపరు వేసే కుర్రాళ్ళు, చేపలమ్ముకునేవాళ్ళు గగ్గోలు పెట్టాక ఆ జాబితా తగ్గింది గానీ, పెద్ద రోడ్డెక్కిన సైకిలువాడికి ఆ బెరుకు ఇంకా పోలేదు. నిజానికి ఈ ఊరికి సైకిలుతో ఉన్న బంధుత్వం పాతది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హేమేంద్రమోహన్ బోస్ హ్యారిసన్ రోడ్డులో సైకిళ్ళ కొట్టు పెట్టి జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ లాంటి పెద్దలకు తొక్కడం నేర్పాడు. బిమల్ ముఖర్జీ 1926లో ఇక్కణ్ణుంచే సైకిలు మీద బయల్దేరి ప్రపంచమంతా తిరిగి 1937లో ఇల్లు చేరాడు. ఇప్పుడు సైకిలు మీద మోజున్న కోల్‌కతా కుర్రాడికి రోడ్డు కరువు. అందుకే రోడ్డుతో పనే లేని ఆట గురించి ఈ ఊళ్ళో కూర్చుని రాయాలనిపించింది. దాని పేరు ట్రయల్స్. పది అడుగుల జాగా, రెండు చెక్క ప్యాలెట్లు, నాలుగు వరసల ఇటుకలు ఉంటే చాలు.

ఇందులో వేగానికి విలువ లేదు. బండరాళ్ళు, దుంగలు, సిమెంటు గోడలు, వాటి మధ్య ఖాళీలు, అన్నీ సైకిలు మీదే దాటాలి, కాలు నేల మీద పెట్టకూడదు. పోటీలో ఒక్కో అడ్డంకుల వరసకు రెండు నిమిషాల గడువు. ఈ ఆటకు తల్లి మోటారు సైకిలు ట్రయల్స్. అక్కడ లెక్క ఇంకా కచ్చితం. కాలు ఒకసారి మోపితే 1, రెండుసార్లు మోపితే 2, ఆపైన ఎన్నిసార్లయినా 3, పడిపోయినా గీత దాటినా 5. తక్కువ తెచ్చుకున్నవాడే గెలిచినట్టు. స్కాట్లండులో ఆరు రోజుల పోటీ మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు నుంచీ జరుగుతోంది. ఈ ఆట సైకిలుకు పాకింది మాత్రం స్పెయిన్‌లోని కటలోనియాలో. మోంటెసా కంపెనీలో పెరె పి అనే రైడరు ఉండేవాడు. 1968లో బజారుకొచ్చిన కోటా 247 మోటారు సైకిలు తయారీలో అతనిది పెద్ద చెయ్యి. కొడుకు ఓత్ పి మోటారు బండి ఎక్కే వయసు రాకముందే ఒడుపు నేర్చుకోవాలని చిన్న చక్రాల సైకిలు మీద సాధన చేయించాడు. ఆ కొడుకు తర్వాత ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, తండ్రి మోంటీ పేరుతో సైకిళ్ళ కంపెనీయే పెట్టాడు. 2009లో స్కాట్లండు కుర్రాడు డానీ మెకాస్కిల్ ఎడింబరో వీధుల్లో ఇనప కంచె మొనల మీద సైకిలు నడిపిన వీడియో వచ్చాక, పోటీల గోల తెలియని పిల్లలు కూడా ఇదేమిటని అడగడం మొదలెట్టారు.

మనవాళ్ళకు ఈ ఆట బొత్తిగా కొత్త కాదు, తెలియకుండానే తెలుసు. మన బుల్లెట్టు 1948లో బయటికొచ్చినప్పుడు దాని సత్తా చూపించుకున్నది ఇంగ్లండు ట్రయల్స్ పోటీల్లోనే. జానీ బ్రిటన్ రాయల్ ఎన్‌ఫీల్డ్ మీద 1952లో, 1957లో ఆ స్కాట్లండు పోటీ గెలిచాడు. ఆ జ్ఞాపకంగా కంపెనీ 2019లో బుల్లెట్ ట్రయల్స్ అని ఒక బండి తెచ్చింది. సైలెన్సరు పైకెత్తారు, వెనక సీటు తీసి క్యారియరు పెట్టారు, గుబ్బల టైర్లు వేశారు. చూడ్డానికి దివ్యంగా ఉండేది. కానీ బరువు 190 కిలోల దగ్గర. ఇవాళ్టి అసలు పోటీ బండి 70 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ముస్తాబు మారితే జాతి మారదు. కొత్తగా సైకిలు కొనేవాడికి నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది. ట్రయల్స్ సైకిల్లో తర్వాత మార్చుకోలేనిది ఫ్రేము ఒక్కటే. కాబట్టి డబ్బు ముందు దాని మీద పెట్టాలి, మిగతావన్నీ నిదానంగా చూసుకోవచ్చు.

ఫ్రేములో ఏముందంటే, ఇంట్లో ఉన్న ఏ సైకిలైనా గోడకానించి పక్కన గొంతుక్కూర్చుని చూడండి. ముందు చక్రం ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా ఒక దారం పట్టుకోండి. పెడళ్ళు తిరిగే ఇరుసు ఆ దారానికి కిందుగా ఉంటుంది. కూర్చుని తొక్కడానికి అదే సుఖం, మనిషి చక్రాల నడుమ దిగబడి స్థిరంగా ఉంటాడు. ట్రయల్స్ సైకిలుకు ఇదే కొలత తిరగబడుతుంది. 26 అంగుళాల చక్రాల సైకిల్లో పెడళ్ళ ఇరుసు దారానికి రెండు మూడు సెంటీమీటర్లో అంతకన్నా ఎక్కువో పైన ఉంటుంది, 20 అంగుళాల దానిలో ఆరేడు సెంటీమీటర్లు దాటుతుంది. దానికి తోడు వెనక చక్రాన్ని పెడళ్ళకు బాగా దగ్గరగా లాగేస్తారు. పైన నిలబడ్డ మనిషి నడుము ఒక్క జానెడు వెనక్కి జరిపితే చాలు, ముందు చక్రం లేచి వెనక చక్రం మీద నిలబడతాడు. ఇక సీటెందుకు? పోటీ సైకిళ్ళకు సీటే ఉండదు, గొట్టం కూడా ఉండదు. బెంటింక్ స్ట్రీట్ కొట్లలో "సీటు వద్దు దాదా" అంటే మిస్త్రీ మన మొహం వంక ఒకసారి, సైకిలు వంక ఒకసారి చూస్తాడు.

ఏ సైజు? 20, 24, 26 మూడూ ఉన్నాయి. 20 అంగుళాలది గింగిరాలు తిరుగుతుంది, చిన్న పిల్లలకు, పోటీ పట్టుదల ఉన్నవాళ్ళకు అదే మేలు. 24 వీధి విన్యాసాల వాళ్ళది, డానీ మెకాస్కిల్ ఎక్కిందీ అదే. కోల్‌కతాలో మొదలెట్టే పెద్దవాళ్ళకు నా ఓటు 26కే. పెద్ద చక్రం అంచుల మీదికి కాస్త సులువుగా ఎక్కుతుందన్నది ఒక కారణం. టైర్ల సంగతి రెండోది, నా మటుకు అదే ముఖ్యం. 20 అంగుళాల ట్రయల్స్ సైకిలుకు పేరు 20 అయినా వెనక వేసేది 19 అంగుళాల లావు టైరు, ఆ కొలత ఈ ఆటకే ప్రత్యేకం. అది చిరిగిన రోజున ఏ వీధి కొట్టూ ఆదుకోదు, సముద్రం అవతలి నుంచి తెప్పించుకోవాలి. 26 టైరు, ట్యూబు, రిమ్ము, పుల్లలు ఏ పేటలోనైనా దొరుకుతాయి.

అసలు ట్రయల్స్ సైకిలుకు డబ్బు చాలనివాళ్ళు మౌంటెన్ సైకిల్ని మార్చుకుని మొదలెడతారు. తప్పేం లేదు. ముందు స్ప్రింగు ఫోర్కు లేని ఫ్రేము వెతకాలి. స్ప్రింగు మనం నేలను తన్నిన బలాన్నంతా మింగేస్తుంది. గేర్లు పీకి ఒకే పళ్ళచక్రం ఉంచాలి, సీటు అడుగంటా దించాలి, హ్యాండిలు వెడల్పుది వేయాలి. ఉన్నచోట కదలకుండా నిలబడటం, ముందు చక్రం ఎత్తి గట్టు మీద పెట్టడం, పక్కకు చిన్న గెంతులు, ఇవన్నీ దాని మీదే వస్తాయి. వెనక చక్రం మీద గెంతే దశకొచ్చాక ఆ ఫ్రేము మొరాయిస్తుంది. అప్పటికి మీకు ఈ ఆట నిలుస్తుందో లేదో తేలిపోయి ఉంటుంది, కాబట్టి పెట్టిన డబ్బు వృథా పోదు.

పాత నల్ల సైకిలును మాత్రం ఈ పనికి వాడకండి. బెంగాల్ ఇలాంటి సైకిళ్ళ పుట్టిల్లు. ఆసన్‌సోల్ దగ్గర కన్యాపూర్‌లో సేన్-ర్యాలీ ఫ్యాక్టరీ ఒకప్పుడు దేశానికంతా పంపింది. 2015 నుంచి సబూజ్ సాథీ పథకం కింద రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లలకు సైకిళ్ళిస్తోంది, పల్లెల్లో ఆడపిల్లలు బడికి పోవడానికి అవి ఎంత పనికొచ్చాయో చెప్పక్కర్లేదు. కానీ పాత నల్ల సైకిలు క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచేది చిటికెన వేలంత కాటరు పిన్ను. కూర్చుని తొక్కినంత కాలం అది కిమ్మనదు. నిలబడి ఒంటి బరువంతా ఒక్క పెడలు మీద వేసి తన్నండి, కొన్నాళ్ళకే ఆ పిన్ను ఒక పక్క నలిగి చదునవుతుంది. ఆపైన పెడలు ప్రతి తిప్పుకూ టక్కుమని జారుతుంది. గాల్లో ఉండగా ఆ టక్కు వినిపిస్తే పళ్ళు రాలతాయి.

గేరు లెక్క కూడా చూసుకోవాలి. నల్ల సైకిలుకు ముందు 44 పళ్ళు, వెనక 18 ఉంటాయి, అంటే పెడలు ఒక చుట్టుకు చక్రం దాదాపు రెండున్నర చుట్లు. దూరాలకు బాగుంటుంది. 26 ట్రయల్స్ సైకిలుకు ముందు 18, వెనక 15 వేస్తారు. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం చుట్టుంపావు కూడా తిరగదు. ఉన్నచోటు నుంచి ఒక్క తన్నుతో ఎగరాలంటే అంత తేలిగ్గానే ఉండాలి.

ఇక మార్పులు. ఎవరినడిగినా ముందు బరువు తగ్గించమంటారు, రిమ్ముకు కన్నాలు, టైటానియం బోల్టులు అంటూ మొదలెడతారు. అది ఆఖర్న చూసుకోవలసిన పని. మొదట బ్రేకు, అందులోనూ వెనక బ్రేకు.

బ్రేకు అంటే మనకు ఆపేది. ఇక్కడ అది నిలబెట్టేది. వెనక చక్రం మీద నిలబడ్డవాడికి ఆ బ్రేకే నేల. అది ఒక్క వెంట్రుక జారినా మనిషి వెల్లకిలా పడతాడు. పరీక్ష తేలిక. సైకిలు పక్కన నిలబడి వెనక బ్రేకు ఒక్క వేలితో నొక్కి, హ్యాండిలు పట్టుకుని బండిని బలంగా ముందుకు తొయ్యండి. చక్రం ఈడ్చుకుపోవాలి గాని తిరక్కూడదు. తర్వాత వెనక్కి లాగండి. చాలా బ్రేకులు ముందుకు పట్టి వెనక్కి వదిలేస్తాయి, గట్టు మీద వెనక్కి ఊగినప్పుడు కొంప ముంచేది అదే. జర్మనీ మగూరా కంపెనీ 1987లో సైకిళ్ళకు నూనెతో పనిచేసే బ్రేకు తెచ్చింది. వాళ్ళ హెచ్ఎస్ 33 ఈ ఆటలో చాలాకాలం రాజ్యమేలింది. రిమ్మును రెండు వైపులా నూనె ఒత్తిడితో పట్టేస్తుంది. అదీ చాలక రిమ్ము పక్కలను గ్రైండరు బిళ్ళతో గీకి గరుకు చేస్తారు, కొందరైతే తారు రాస్తారు. అలాంటి బ్రేకు పడితే వీధి చివరికి వినిపించేలా కీచుమంటుంది. డిస్కు బ్రేకులు ఇప్పుడు బాగా వచ్చాయి, వానలో తడిసినా పట్టు పెద్దగా పోదు. ఏడాదిలో మూడు నాలుగు నెలలు నీళ్ళలో ఉండే ఊరికి నేనైతే డిస్కే అంటాను.

బ్రేకుల్లో ఇంకో తిరకాసు ఉంది. మన దేశంలో ముందు బ్రేకు కుడిచేతికి, వెనకది ఎడమచేతికి వస్తాయి. యూరప్ నుంచి వచ్చిన బండికి చాలావరకు తలకిందులుగా ఉంటుంది. ఏదో ఒకటి ఖాయం చేసుకుని మొదటి రోజునే మార్పించేయాలి. చేతికి అలవాటయ్యాక మారిస్తే ప్రమాదం.

రెండో ఖర్చు ఫ్రీవీలు. పెడలు తన్ను చక్రాన్ని అందుకునే చోట్లను పట్లు అందాం. మామూలు దానిలో చుట్టుకు అవి సుమారు 18. పట్టుకూ పట్టుకూ మధ్య 20 డిగ్రీల ఖాళీ. పెడలు తన్నగానే ఆ 20 డిగ్రీలూ కాలు ఊరికే పోయి, తర్వాత గాని చక్రానికి అందదు. రోడ్డు మీద ఇది ఎవరికీ తెలియదు. రెండడుగుల గోడ అంచున నిలబడి అవతలి అంచుకు గెంతబోయేవాడికి తెలుస్తుంది. ట్రయల్స్ ఫ్రీవీళ్ళలో 72 పట్లు, 108 పట్లు ఉన్నవి వస్తాయి. 108 పట్లంటే ఖాళీ మూడు డిగ్రీల పైచిలుకు మాత్రమే, కాలు ఆలోచించినంతలో చక్రం కదులుతుంది. దాన్ని వెనక చక్రానికి కాక ముందు క్రాంకుకే బిగిస్తారు, చుట్టూ రాళ్ళ దెబ్బకు కాపలాగా ఒక గట్టి వలయం వేస్తారు. అసలు ఫ్రీవీలుకు డబ్బు లేకపోతే ఆగవచ్చు గానీ చైను దగ్గర మాత్రం కక్కుర్తి పడకూడదు. గెంతబోతుండగా చైను తెగితే మోకాలు హ్యాండిలుకు, గడ్డం దాని మీదికి పోతాయి. సాగిందని అనుమానం వస్తే మార్చేయడమే.

టైర్లలో గాలి సగానికి సగం తక్కువ ఉంచాలి. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగాలి. అప్పుడే అంచును కరచుకుంటుంది. మరీ తగ్గిస్తే రిమ్ము రాయికి తగిలి సొట్ట పడుతుంది, సరైన గాలి ఎంతన్నది ఒంటి బరువును బట్టి ఎవరికి వాళ్ళు తేల్చుకోవలసిందే. హెల్మెట్టు, మోకాలి కింద ఎముకకు కవచం బేరమాడే వస్తువులు కావు. ఇనప పళ్ళ పెడలు ఆ ఎముకను ఒకసారి గీరితే జన్మకు గుర్తుంటుంది.

సాధనకు మైదాన్ గడ్డి మంచిది, పడ్డా దెబ్బ తక్కువ. గంగ ఘాట్ల మెట్లు ఊరిస్తాయి గాని నాచు ఉంటుంది, వద్దు. ఉత్తర కోల్‌కతా పాత ఇళ్ళ ముందు వీధి అరుగులున్నాయే, రోయాక్‌లు, వాటి ఎత్తు ఈ ఆటకు కొలిచినట్టే ఉంటుంది. అవి అడ్డా కొట్టే పెద్దవాళ్ళ సొత్తు, టైరు మరక పడితే ఊరుకోరు. ట్రాము పట్టాల దగ్గర చక్రం అడ్డంగా దాటించాలి, పట్టా వెంట పోనిస్తే అందులో ఇరుక్కుంటుంది.

చేతులు మారిన బండి దొరికితే కొత్తదాని కన్నా అదే నయం, ఎందుకంటే ఆ డబ్బుకు మంచి ఫ్రేము వస్తుంది. రంగు గీతలు, సొట్టలు పట్టించుకోకండి, అవి లేని ట్రయల్స్ బండి ఎవరూ తొక్కనిదన్నమాట. హ్యాండిలు కింద ఫ్రేము గొట్టాలు కలిసేచోట, పెడళ్ళ ఇరుసు చుట్టూ, వెనక చక్రం బిగించేచోట తడిగుడ్డతో తుడిచి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూడండి. వెల్డింగు పక్కన వెంట్రుకంత నల్లగీత కనబడితే వేలిగోరు అడ్డంగా గీయండి. గోరు పట్టుకుంటే అది పగులు. అల్యూమినియం పగులుకు వెల్డింగు వేయిస్తానని ఎవరన్నా, ఎంత తక్కువకిస్తానన్నా, ఆ బండి కొనొద్దు.