మడతల్లో పనితనం

కోనసీమ కొబ్బరి తోటల్లో తలెత్తి చూస్తే, కొన్ని మట్టలకు ఆకుల కొసలు వరుసగా ఒకే వాలులో తెగి ఉంటాయి. ఈనెకు రెండు వైపులా కలిపి చూస్తే ఇంగ్లీషు ‘వి’ అక్షరం. కొలిచి కోసినా అంత తీరుగా రాదనిపిస్తుంది. అది కొమ్ము పురుగు పని.

నిజానికి ఆ పురుగు ఇన్ని ఆకులను విడివిడిగా కోయలేదు. మట్ట ఇంకా మొవ్వులోనే, ఆకులన్నీ బిగుతుగా ముడుచుకుని ఉన్నప్పుడు రాత్రిపూట వచ్చి ఒకే ఒక్క సొరంగం తొలిచింది. కాగితాన్ని మడతలు పెట్టి ఒకచోట కత్తిరించి విప్పినట్టు, మట్ట విచ్చుకునేసరికి ఆ ఒక్క గాయమే ఆకు ఆకునా తేలుతుంది. నమిలిన పీచు రంధ్రం మూతి దగ్గర బయటికి వస్తుంది. అది కనిపించగానే రైతు ఇనుప కొక్కెం లోపలికి దించి పురుగును లాగేస్తాడు. నాలుగైదు సెంటీమీటర్ల నల్లటి ఒళ్లు, తల మీద కొమ్ము, రంపపు పళ్లున్న ముందుకాళ్లు. తొలచడానికే పుట్టిన దేహం.

పెంకురెక్కల పురుగుల్లోనే ఇంకొకటి, ఏడు చుక్కల అక్షింతల పురుగు. పొడవు ఏడెనిమిది మిల్లీమీటర్లు. వంగ ఆకులను గీకి తినే అక్షింతల పురుగు వేరు, ఇది పేనుబంకను తిని పైరును కాచేది. దీని ఎర్రటి పెంకులను అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం వాటి కింద జరిగే పని మీదే మోజు.

ఎగిరే రెక్కలు పెంకుల కంటే పొడవు. వాలగానే పెంకులు ముందే మూసుకుంటాయి. ఆ తర్వాత పొట్టను కిందికీ పైకీ ఆడిస్తూ, బయట మిగిలిన రెక్కలను కొంచెం కొంచెంగా లోపలికి లాక్కుంటుంది. మడత అంతా మూత కిందే! 2017లో టోక్యో విశ్వవిద్యాలయ పరిశోధకులు పెంకులో కొంత భాగం తీసి, అదే ఆకారంలో పారదర్శకమైన రెజిన్ ముక్క అతికించి ఆ పని చూశారు. పెంకు అంచు, దాని లోపలి వంపు రెక్క ఈనెల తీరుకు సరిగ్గా సరిపోయి మడతను నడిపిస్తున్నాయి.

కొబ్బరి మట్ట మీది కోతలో మనం మెచ్చే వరుస చెట్టు మడతది. అక్షింతల పురుగు మడత దాని సొంతం. మడత పడే చోట కండరమే లేదు. వంగిన ఈనెల్లోనే బిగువు దాగి ఉంటుంది. పెంకులు తెరుచుకోగానే ఆ బిగువే రెక్కను క్షణంలో చాచేస్తుంది.